మొదటి పోటీకి ఎంత ఎత్తు?

మన సంఘం గ్రూపులో గుర్రాల సంగతి ఎందుకండీ అనుకోవద్దు, చివరిదాకా చదవండి. నేను చదివింది తమిళ మీడియం. తెలుగు రాయడం రిటైరయ్యాకే పట్టుబడింది. తప్పులుంటే సర్దుకోండి.

మా మనవడు చెన్నైలో గుర్రపు స్వారీ నేర్చుకుంటున్నాడు. వాడికి తోడు పోయి నేనూ చెట్టుకింద కూర్చుంటాను. అక్కడ రేసుల నుంచి వచ్చిన అయిదేళ్ళ ఆడగుర్రం ఒకటి ఉంది. ప్రాక్టీసులో 1.10 మీటర్ల అడ్డకర్రలు సులువుగా దూకేది. మొదటి పోటీకే అదే ఎత్తులో ఎంట్రీ వేశారు. మూడో జంప్ దగ్గర బిగుసుకుని నిలబడిపోయింది. తర్వాత రెండు నెలలు నేల మీద పరిచిన కర్రను చూసినా వెనక్కే నడిచింది.

తప్పు గుర్రానిది కాదు. రోజూ చూసే మైదానం వేరు, పోటీ వేరు. జెండాలు, మైకు, రంగురంగుల పలకలు, కొత్త గుర్రాలు, అన్నీ ఒకేసారి. వాటికి అలవాటు పడటమే మొదటి పరీక్ష. అందుకే ప్రాక్టీసులో దూకే ఎత్తుకన్నా 20, 30 సెంటీమీటర్లు తక్కువలో మొదలుపెట్టాలని నా అభిప్రాయం. 1.10 దూకే గుర్రానికి 80 లేక 90 చాలు.

బ్రిటన్‌లో కొత్త గుర్రాలకు మెట్లు కట్టినట్టు పోటీలున్నాయి. బ్రిటిష్ నోవిస్ 90 సెంటీమీటర్లు, డిస్కవరీ మీటరు, న్యూకమర్స్ 1.10, ఫాక్స్‌హంటర్ 1.20. శరీరం సంగతీ చూడాలి. గుర్రం వెన్నెముక పూర్తిగా గట్టిపడేసరికి అయిదున్నర, ఆరేళ్ళవుతుంది. దూకి దిగేటప్పుడు బరువంతా ముందుకాళ్ళ మీదే పడుతుంది.

మరీ తక్కువైతే గుర్రం అశ్రద్ధగా కర్రలు తన్నేస్తుంది అంటారు. నిజమే. అందుకే అక్కడే ఉండిపొమ్మనడం లేదు. రెండు మూడు పోటీలు బెదరకుండా, తొందరపడకుండా దూకితే ఇంకో 10 సెంటీమీటర్లు పెంచండి. బెదిరితే దించండి, అందులో అవమానం లేదు. కర్ర పడితే 4 పెనాల్టీలు, అంతే. మనసులో దిగిన భయాన్ని ఏ జడ్జీ లెక్క రాయడు.

రైల్వేలో మేం చూసిందీ ఇదే. కొత్తగా వేసిన పట్టా మీద మొదటిరోజే ఫుల్ స్పీడ్ ఇవ్వరు. కాషన్ ఆర్డర్ పెట్టి కొంచెం కొంచెంగా పెంచుతారు.

ఇప్పుడు మన సంగతి. పోయిన ఉగాదికి మన స్టేజీ మీద మూడో క్లాసు పాపని పద్యం చెప్పమన్నాం. ఇంట్లో గడగడా చెప్పిందట. మైకు ముందు రెండో పాదం దగ్గర ఆగిపోయింది. ముందు వరసలో కొందరు నవ్వారు. నేనూ నవ్వానేమో, గుర్తులేదు. ఆ పాప మళ్ళీ మన ఫంక్షన్‌కి రాలేదు. బడిలో తమిళం, వీధిలో తమిళం, తెలుగు ఇంట్లో మాత్రమే వినే పిల్లకి మనం పెట్టిన ఎత్తు అది.

కమిటీవారికి నా మనవి. ఈసారి చిన్నపిల్లలకి పద్యం వద్దు. పేరు, ఊరు, అవ్వ చేసే వంట గురించి తమకు వచ్చిన తెలుగులో నాలుగు మాటలు చాలు. నిలబడి మాట్లాడిన ప్రతి పిల్లకీ బహుమతి. ఖర్చు నాది. పద్యం వచ్చే ఏడాది చూద్దాం.