బీరువాలో బందీలు

డిచ్‌పల్లిలో నేడు విశ్వవిద్యాలయము కలదు. 2006లో ఏర్పడిన తెలంగాణ విశ్వవిద్యాలయమునకు నెలవైన ఈ ప్రాంతమునందే 14, 15 ఏండ్ల పిల్లలు పాఠ్యపుస్తకము తప్ప వేఱొకటి ముట్టరని తలిదండ్రులును, ఉపాధ్యాయులును వాపోవుచున్నారు. నేరమంతయు సెల్‌ఫోనుపై మోపుట పరిపాటియైనది. అది నిర్దోషి యని మేము చెప్పము. కాని ముందుగా అడుగవలసిన ప్రశ్న యింకొకటి కలదు. పాఠశాలలోని పుస్తకముల బీరువా తాళముచెవి ఎవరియొద్ద నున్నది?

నిజాము పాలనలో పై తరగతుల చదువు ఉర్దూలో సాగెడిది. తెలుగు పుస్తకము కావలెనన్న బాలుడు దానిని బడి వెలుపల వెదకికొనవలసి యుండెను. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము, 1904లో హనుమకొండయందు రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయము వెలసినవి. వట్టికోట ఆళ్వారుస్వామి 1938లో దేశోద్ధారక గ్రంథమాలను నెలకొల్పి పుస్తకములను మోసికొని ఊరూర తిరిగి అమ్మెను. ఆయనయు, దాశరథి కృష్ణమాచార్యులును నిజామాబాదు కోటలోని జైలులో ఉండగా, దాశరథి బొగ్గుతో గోడపై పద్యములు వ్రాసెను. ఆ కోట డిచ్‌పల్లికి ఎంతో దూరము లేదు. నేడు తెలుగు పుస్తకము బడిలోనికే వచ్చినది. వచ్చి, బీరువాలో ఖైదు పడినది!

ఇందుకు ఉపాధ్యాయుని దూషించుట అన్యాయము. పుస్తకము పోయినచో వెల తాను కట్టవలసి వచ్చునేమో యని ఆయన భయము. దస్త్రములో లెక్క సరిపోవలెను, అట్ట చినుగరాదు. ఇన్ని షరతులు నెఱవేఱుటకు చదువనీయకుండుటయే సులభోపాయము. పుస్తకములు ఉపయోగించుటకే యని ఎస్. ఆర్. రంగనాథను తన గ్రంథాలయ సూత్రములలో మొదటిదిగా 1931లోనే చెప్పెను. పూర్వము ఐరోపాలో పుస్తకములను అరలకు గొలుసులతో కట్టెడివారు. అచట పాఠకుడు గొలుసు అందినంత మేరకైనను చదువుకొనెడివాడు. మన తాళము ఆపాటి దయయు చూపదు. చదువగా చినిగిన పుస్తకమునకు, పోయిన పుస్తకమునకు ఉపాధ్యాయుడు బాధ్యుడు కాడని ప్రభుత్వము స్పష్టముగా ఉత్తరువు చేయవలెను.

తాళము తీసినంతనే పిల్లలు మూగుదురని మేము భ్రమపడుట లేదు. చదువనొల్లని వానికి మహాపురుషుని చరిత్ర చేతికిచ్చి, మఱునాడు సారాంశము వ్రాయుమన్నచో వాడు మఱల ఆ గది వైపు చూడడు. క్రికెట్టో, దయ్యాల కథయో, మోటారు మరమ్మతో, వానికి వలసినదానిని వానినే ఏరుకొననీయవలెను. సగములో విడిచినను గద్దింపరాదు. అక్షరములు కూడబలుకుకొను పెద్దపిల్లలు చిన్నపిల్లల పుస్తకమును పదిమందిలో పట్టుటకు సిగ్గుపడుదురు. అట్టివారికి పుస్తకము ఇంటికి పోవలెను.

కేరళ బీడీ కార్ఖానాలలో కార్మికులు తమలో నొకనిచేత పత్రికలు బిగ్గఱగా చదివించుకొని వినెడివారు. చేతులు పనిలో నున్నను చెవులు ఖాళీయే కదా! బీడీలు చుట్టు ఇండ్లు ఈ జిల్లాలోను అనేకములు. తల్లి ఆకు కత్తిరించుచుండగా కూతురు కథ చదివి వినిపింపవచ్చును.

పసుపు ఉడుకబెట్టి ఎండబోయు దినములు ముగియుసరికి వేసవి సెలవులు వచ్చును. పిల్లలకు తీరిక దొఱకు ఆ కాలముననే బడి గ్రంథాలయము మూతపడుచున్నది. ఏప్రిలులో బడి విడుచునాడు ప్రతి విద్యార్థి చేతికి రెండేసి పుస్తకము లిచ్చి పంపుడు. జూనులో ఎన్ని తిరిగి వచ్చునో చూతము.