యంత్రములకు రోగనిరోధక శక్తి

2016 అక్టోబరు 21వ తేదీన అమెరికాలో పెక్కు ప్రసిద్ధ వెబ్‌సైట్లు గంటల తరబడి తెరచుకొనలేదు. వాటి చిరునామాలను చూపెడి డిన్ అను సంస్థపై దాడి జరిగినది. ఆ దాడికి పనిముట్లయినవి ఇండ్లలోను, దుకాణములలోను ఉన్న కెమేరాలు, రౌటర్లు! కర్మాగారమున పెట్టిన పాస్‌వర్డులతోనే అవి పనిచేయుచుండెను. 'మిరాయ్' అను దుష్ట ప్రోగ్రాము అట్టి పాస్‌వర్డులు సుమారు 60 గల జాబితానుండి ప్రయత్నించి, వేలకొలది పరికరములను వశపరచుకొన్నది. ఊరి పొలములన్నిట ఒకే వంగడమైనచో ఒకే తెగులు అన్నిటిని ఊడ్చివేయును గదా!

మానవదేహము ఇట్టి ముప్పును ఎట్లు ఎదుర్కొనుచున్నది? థైమస్ అను గ్రంథిలో కొన్ని తెల్లకణములకు పరీక్ష జరుగును. స్వశరీరముపైననే తిరుగబడు కణములలో పెక్కు అచటనే నశించును. నెగ్గినవి కావలికి బయలుదేరును. 1994లో స్టెఫనీ ఫారెస్ట్, ఆమె సహచరులు ఈ పద్ధతిని కంప్యూటరులకు అన్వయించిరి. యంత్రము తన సహజస్థితిని ముందుగా గుర్తెరిగి, దానితో పొసగనిదానిని పరాయిదిగా ఎంచును. శత్రువు పేరు ముందే తెలియనక్కరలేదు. ఒక్కొక్క యంత్రమున కావలి ఒక్కొక్క తీరున ఉండుటచే ఒకదానిని మోసగించిన ఎత్తు వేరొకదానియెడ పారకపోవచ్చును.

అయితే దేహమును సైతము పొరపాటు వీడదు. తన కీళ్లనే పరాయివిగా భ్రమించి బాధించు వ్యాధులు కలవు. ఆసుపత్రిలోని పరికరము వైద్యుని ఆజ్ఞనే శత్రువని అడ్డగించినచో రోగి గతి ఏమి? కావున ఇట్టి యంత్రములపై మనిషి కన్ను తప్పదు. శుచి లేనిచోట టీకా ఒక్కటే చాలదు. సులభముగా ఊహింపదగిన పాస్‌వర్డులతో పరికరములను అమ్మరాదని బ్రిటన్‌లో 2024 ఏప్రిలున అమలులోనికి వచ్చిన చట్టము ఆ శుచికి తొలిమెట్టు.