చందాకు తెరచిన తలుపు, సమనుకు వేసిన తాళం



నేనొక సేవాసంస్థపై దావా వేశాను. నలభై ఏళ్ళు కూడబెట్టిన పుస్తకాలను, పదిమందిచేత చదివిస్తామన్న వ్రాతపూర్వకమైన షరతుపై వారికిచ్చాను. అవి అటకెక్కాయి. తిరిగి ఇమ్మంటే ఉలుకూ పలుకూ లేదు.

కోర్టు అమీనా సమను పట్టుకొని వెళితే, "అధ్యక్షులవారు ఊళ్ళో లేరు, కార్యదర్శిగారు రాజీనామా చేశారు, నేను గుమాస్తాను మాత్రమే" అని సమాధానం. చందాలకు సంస్థ ముద్రవేసి రసీదులిచ్చేది ఆ గుమాస్తాగారే! పుచ్చుకొనేటప్పుడు ఉన్న సంస్థ బదులు చెప్పేటప్పుడు మాయమగునా?

చట్టం అంత అమాయకమైనది కాదు. 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడు 29వ ఆర్డరు 2వ రూలు ప్రకారం కార్పొరేషనుకు వచ్చిన సమనును కార్యదర్శికో, డైరెక్టరుకో, మరొక ముఖ్యాధికారికో అందజేయవచ్చు. లేదా రిజిస్టర్డు కార్యాలయంలో వదలవచ్చు, ఆ చిరునామాకు తపాలాలో పంపవచ్చు. లాభాపేక్ష లేదన్నంత మాత్రాన మినహాయింపు లేదు.

"సేవ చేసేవారిని కోర్టుకీడుస్తారా మాస్టారూ?" అని కొందరు పెద్దలు నన్నే నిష్ఠూరమాడారు. అయ్యా, సమను శిక్ష కాదు. "వచ్చి నీ మాట చెప్పుకో" అన్న పిలుపు. అందుకే దానికి దావా ప్రతిని జతచేయాలని 5వ ఆర్డరు నిర్దేశిస్తున్నది. ఆ పిలుపుకు ముఖం చాటేసేవారు నన్ను కాదు, తమ హక్కునే కాలదన్నుకొంటున్నారు.

కనుక దానం చేయబోయేవారు ముందుగా రిజిస్టర్డు కార్యాలయపు చిరునామా అడిగి వ్రాసిపెట్టుకోండి. సమను అందజేయడాన్ని కోర్టు పరిభాషలో 'సర్వీసు' అంటారు. సర్వీసే పరమార్థమని బోర్డు కట్టినవారికి ఈ ఒక్క సర్వీసంటే అంత జంకెందుకో!