వేడెక్కే నీళ్లు, పొంగే వరదలు: పరాయి చేపలకు రాచబాట

కథలాపూర్: సముద్రమెక్కడ, కథలాపూర్ ఎక్కడ అనుకోవచ్చు. కాని తీరప్రాంత మత్స్యకారులను నేడు పీడిస్తున్న సమస్య మన చెరువు కట్టలదాకా వచ్చే సూచనలున్నాయి. దూరదేశాల చేపలు, ఆల్చిప్పలు స్థానిక జాతులను వెళ్లగొడుతుండగా, మారుతున్న వాతావరణం వాటికి బలం చేకూరుస్తున్నది.

ఆంధ్రప్రదేశ్, తమిళనాడు సరిహద్దులోని పులికాట్ సరస్సునే తీసుకుందాం. అమెరికా ఖండపు ఉష్ణతీరాలకు చెందిన ఒక ఆల్చిప్ప తమిళనాడు వైపున అడుగంతా పరుచుకొని, రొయ్యలకు, పీతలకు చోటు లేకుండా చేస్తున్నదని అక్కడి మత్స్యకారులు మొరపెట్టుకున్నారు. ఇట్టి జీవులు ఓడలు నిలకడ కోసం నింపుకునే నీటిలో దేశాలు దాటుతాయి. ఆ నీటిని అదుపు చేసే అంతర్జాతీయ ఒప్పందం 2004లో కుదిరినా, 2017లో గాని అమలులోకి రాలేదు.

మధ్యధరా సముద్రంలో ఈ ముప్పు మరింత స్పష్టం. 1869లో సూయజ్ కాలువ తెరవగానే ఎర్ర సముద్రపు చేపలకు దారి దొరికింది. అయినా అక్కడి చలి చాలా జాతులను అడ్డుకున్నది. నీళ్లు వేడెక్కేకొద్దీ ఆ అడ్డు తొలగుతున్నది. వలలు కొరికే విషపు చేపను పట్టి తెచ్చినవారికి సైప్రస్ ప్రభుత్వం డబ్బు చెల్లించవలసి వచ్చింది.

హిందూ మహాసముద్రమూ మినహాయింపు కాదు. 1951 నుండి 2015 వరకు దాని ఉష్ణమండల భాగంలో ఉపరితల ఉష్ణోగ్రత సుమారు 1 డిగ్రీ పెరిగిందని కేంద్ర భూవిజ్ఞాన మంత్రిత్వ శాఖ 2020 నివేదిక తెలిపింది. సముద్రం వేడెక్కితే గాలిలో తేమ పెరుగుతుంది. ఆ తేమే కుండపోత వానలై మన మీద కురుస్తుంది.

మనకు సంబంధించిన ముచ్చట ఇక్కడే ఉన్నది. దక్షిణ అమెరికా నుండి అద్దాల తొట్లలో పెంచడానికి తెచ్చిన రాకాసి చేప తూర్పు కనుమల ప్రాంతపు నీటివనరులలో సుమారు 60 శాతం దాకా వ్యాపించినట్లు హైదరాబాదులోని సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు కనుగొన్నారు. ఒళ్లంతా గట్టి పలకలు, ముళ్లు. వలలో పడితే వల చినుగుతుంది, అంగట్లో పెడితే కొనే నాథుడుండడు. ఒడ్డున బొరియలు చేసి గుడ్లు పెట్టడం దీని అలవాటు గనుక కట్టలకూ చేటే.

ఎండాకాలం నీళ్లు వేడెక్కితే ప్రాణవాయువు తగ్గి రవ్వ, బొచ్చ తేలిపోతాయి. రాకాసి చేప, ఆఫ్రికా క్యాట్‌ఫిష్ మాత్రం పైకి వచ్చి గాలి పీల్చి బతుకుతాయి. వానాకాలం మత్తడి దూకితే పై చెరువు చేప కింది చెరువుకు చేరుతుంది. 2022 జూలై నాటి వరదలు మనం మరువలేదు. గొలుసుకట్టు చెరువులకు తోడు శ్రీరాంసాగర్ వరద కాలువ మన ప్రాంతం మీదుగానే మధ్య మానేరుకు పోతున్నది. పంటకు నీరిచ్చే కాలువే పరాయి చేపకు బాట కావచ్చు.

అయితే నేరమంతా వాతావరణానిది కాదు. వేడి బలమిస్తుంది, వరద దారి చూపుతుంది, తలుపు తీసేది మాత్రం మనిషే. తొట్టిలో పెరిగిన చేపను చెరువులో వదలడం, కేంద్రం నిషేధించిన ఆఫ్రికా క్యాట్‌ఫిష్‌ను దొంగచాటుగా పెంచడం మన చేతిపనులే. 1952లో దేశానికి తెచ్చిన తిలాపియాను నేటికీ ఎవరూ తొలగించలేకపోయారు. ఒకసారి నీటిలో నాటుకున్న జాతిని వెళ్లగొట్టడం ఎంత కష్టమో దీనిని బట్టి తెలుస్తుంది.

కావున జాగ్రత్త ముందే పడాలి. చెరువులో వదలకముందే చేప పిల్లలను మత్స్యశాఖ సిబ్బంది, సంఘం సభ్యులు కలిసి పరిశీలించాలి. రాకాసి చేప వలలో పడితే తిరిగి నీటిలో వేయరాదు. గట్టున పడేసినా గంటల తరబడి బతుకుతుంది గనుక చంపి పూడ్చాలి. వెంటనే మత్స్యశాఖకు తెలుపాలి. చెరువునే నమ్ముకున్న గంగపుత్రుల, ముదిరాజుల కుటుంబాలకు వల చినిగిన తరువాత ఇచ్చే సహాయం కన్నా, వల చినుగకుండా చూడడమే మేలు. అధికారులు వానలకు ముందే కదలవలసి ఉన్నది.