ఫ్లోర్‌స్పార్‌పై శీతకన్నేల?

సూరత్ అంటే చాలామందికి వజ్రాలు, చీరలు. నాలాంటి మాజీ సైనికుడికి హజీరాలో తయారైన కె-9 వజ్ర శతఘ్నులు. భద్రత దృష్ట్యా ఆ నగరంలో గమనించాల్సింది మరొకటుంది. భేస్తాన్‌లోని నవీన్ ఫ్లోరిన్ కర్మాగారంలో హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం తయారవుతుంది. యురేనియం శుద్ధికి అవసరమైన హెక్సాఫ్లోరైడ్, చిప్‌లు, లిథియం బ్యాటరీల ఎలక్ట్రోలైట్ ఏవీ ఈ రకం ఆమ్లం లేనిదే తయారు కావు.

దాని ముడిసరుకు ఫ్లోర్‌స్పార్. మనకు ఎక్కువగా దిగుమతే దిక్కు. ప్రపంచ ఉత్పత్తిలో సగానికి పైగా చైనాదే. గుజరాత్‌లోనే, ఛోటా ఉదేపూర్ జిల్లా అంబా డోంగర్‌లో నిక్షేపాలున్నాయి. చిక్కల్లా వేరుచేయడంలోనే. ఖనిజాన్ని పొడిచేసి, నీళ్లలో కలిపి, ఒలీక్ ఆమ్లం వేసి గాలి బుడగలు పంపితే ఫ్లోర్‌స్పార్ నురగతో పైకి తేలుతుంది. రెంటిలోనూ కాల్షియం ఉండటంతో పక్కనున్న కాల్సైట్ కూడా తేలుతుంది. దాన్ని అడుగునే అణచిపెట్టేవి టానిన్ వంటి ‘డిప్రెసెంట్’ రసాయనాలు. ఇసుకరాయి పనిపట్టేది సోడియం సిలికేట్. ఇవి సరిగా కుదరకపోతే ఆమ్ల తయారీకి కావలసిన 97 శాతం స్వచ్ఛత రాదు. ఏ గని రాయి తీరు దానిది కాబట్టి పరాయి సూత్రం ఇక్కడ యథాతథంగా పనిచేయదు.

అమెరికా, ఐరోపా సమాఖ్యల కీలక ఖనిజాల జాబితాల్లో ఫ్లోర్‌స్పార్ ఉంది. 2023లో మన కేంద్రం ప్రకటించిన 30 ఖనిజాల్లో లేదు. పెరటిచెట్టు మందుకు పనికిరాదనుకుంటే ఎలా? ముందు దాన్ని జాబితాలో చేర్చాలి. మన రాయికి తగిన డిప్రెసెంట్లపై జంషెడ్‌పూర్ జాతీయ లోహశాస్త్ర ప్రయోగశాల వంటి సంస్థలకు నిధులివ్వాలి. ఆపత్కాలానికి నిల్వలూ ఉంచుకోవాలి. తుపాకీ మందుకు వర్తించే ముందుచూపు ముడిసరుకుకూ వర్తిస్తుంది.