నడుమ కూర్చునేవాడు

ఉద్యోగపర్వంలో రాయబారాలకు కొదవ లేదు. ద్రుపదుని పురోహితుడు పాండవుల పక్షాన పోయినాడు. సంజయుడు ధృతరాష్ట్రుని పక్షాన వచ్చినాడు. తుదకు శ్రీకృష్ణుడే వెళ్లినాడు. అందరూ ఒక పక్షపు మాటను మోసినవారే. ఇరుపక్షాలూ ఒప్పి నడుమ కూర్చోబెట్టుకొన్నవాడు ఒక్కడూ లేడు. రాయబారికీ మధ్యవర్తికీ గల ఈ భేదాన్ని మన కార్మిక వివాదాలలో ఇంకనూ గుర్తించినట్లు తోచదు.

అమెరికాలో విమాన చోదకులకూ యాజమాన్యానికీ ఒప్పందం కుదరనప్పుడు జాతీయ మధ్యవర్తిత్వ మండలి ప్రవేశిస్తుంది. 1926 నాటి రైల్వే కార్మిక చట్టాన్ని 1936లో విమానయానానికి వర్తింపజేశారు. ఆ మండలికి తీర్పు చెప్పే అధికారం లేదు. దాని చేతిలో ఉన్నది కాలమొక్కటే. అది వివాదాన్ని విడిచిపెట్టి, ఆపైన 30 దినాలు గడిచేవరకు పైలట్లు సమ్మె చేయరాదు. యాజమాన్యం పాత షరతులను మార్చరాదు. 2010లో స్పిరిట్ సంస్థ పైలట్లు ఆ గడువు తీరిన పిదపనే సమ్మెకు దిగినారు. కొద్ది దినాలలోనే ఒప్పందం కుదిరినది. చర్చలు ఏళ్ల తరబడి సాగడం ఈ పద్ధతిలోని దోషం. అయినా కట్టు ఇరువురికీ సమానమే.

మన తెలుగునాట జరిగినదేమి? 2019 అక్టోబరు 5న తెలంగాణ ఆర్టీసీ కార్మికులు సుమారు 48,000 మంది సమ్మెకు దిగినారు. సంస్థను ప్రభుత్వంలో విలీనం చేయాలన్నది వారి ప్రధానమైన కోరిక. అంతకుముందు ముగ్గురు ఐ.ఏ.ఎస్. అధికారుల సంఘం వారితో మాట్లాడినది. వారు యోగ్యులే కావచ్చును. కాని ప్రభుత్వం పంపినవారు, అనగా రాయబారులు. కార్మికశాఖ అధికారి ఎదుట రాజీ ప్రయత్నం నడుస్తుండగా సమ్మె చేయడం చట్టవిరుద్ధమని ప్రభుత్వం వాదించినది. ఈ విధంగా రాజీ వారధి కాక ఆయుధమైనది. సుప్రీంకోర్టు మాజీ న్యాయమూర్తులు ముగ్గురితో సంఘాన్ని వేయవచ్చునని నవంబరులో హైకోర్టు సూచించినది. నిజమైన మధ్యవర్తులు దొరికే తరుణమది. ప్రభుత్వం సమ్మతించలేదు. 52వ దినాన సంఘాలు సమ్మెను విరమించినవి. విలీనం నెరవేరకయే కార్మికులు నవంబరు 29న విధులలో చేరినారు. ఈలోగా కొందరు ప్రాణాలు తీసుకొన్నారు. ఆ ప్రాణాలను ఏ ఒప్పందం తిరిగి తేగలదు?

ఆంధ్రప్రదేశ్‌లో అదే సంవత్సరం జూన్‌లో తలపెట్టిన ఆర్టీసీ సమ్మె ముందే ఆగినది. 2020 జనవరి 1 నుంచి అక్కడి సిబ్బంది ప్రభుత్వోద్యోగులైనారు. అది మధ్యవర్తి సాధించిన ఫలం కాదు, పాలకుల నిర్ణయం. పాలకుల మనసు మారితే దిక్కెవరు? మా మడకశిర నుంచి హిందూపురం కాలేజీకి బస్సులో పోయే పిల్లవానికి ఈ ప్రశ్న దూరమైనది కాదు. బస్సు ఆగిననాడు అతని పాఠమూ ఆగుతుంది.

2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల స్మృతి, సమ్మెకు 14 దినాల ముందస్తు నోటీసును ప్రజోపయోగ సేవలకే గాక సంస్థలన్నిటికీ తప్పనిసరి చేసినది. గడువు విధించడం సులభం. ఆ గడువులో ఇరుపక్షాల నడుమ కూర్చోదగిన మనిషిని చూపడమే కష్టం. అతడు లేని గడువు శాంతికాలం కాదు. యుద్ధానికి సన్నాహకాలం మాత్రమే.