ఉస్తాదుల పేర్లు మరువని బానిస

బానిస వర్తకుల లెక్కల పుస్తకంలో మనిషికి వయసు ఉంటుంది, వెల ఉంటుంది. అతని తండ్రి ఎవరు, అతనికి అక్షరం నేర్పినది ఎవరు అన్న వివరం ఉండదు. ఆఫ్రికా నుండి అమెరికాకు ఓడలలో తరలించబడిన లక్షలాది మందిని లోకం చాలాకాలం ఆ లెక్కల ద్వారానే ఎరిగింది. అందుకే నల్లజాతీయులు తమను గురించి తామే రాసుకున్న గాథలు అమూల్యమైనవి. వాటిలో ఒకటి అరబీలో రాయబడిందన్న సంగతి మన ఇళ్లలో చాలామందికి తెలియదు.

దాని రచయిత ఉమర్ ఇబ్న్ సయీద్. సుమారు 1770లో, నేటి సెనెగల్ ప్రాంతంలోని ఫూతా తోరోలో జన్మించారు. 25 సంవత్సరాలు విద్యార్జనలో గడిపారు. 1807లో శత్రుసైన్యం చేతికి చిక్కి, సముద్రం దాటించబడి, దక్షిణ కరోలినాలోని చార్లెస్టన్ నగరంలో అమ్ముడయ్యారు. క్రూరుడైన ఒక యజమాని నుండి పారిపోయి, ఉత్తర కరోలినాలోని ఫెయెట్‌విల్‌లో పట్టుబడి చెరసాల పాలయ్యారు. ఆ గోడల మీద ఆయన బొగ్గుతో అరబీ వాక్యాలు రాశారని చెబుతారు. ఆ తరువాత మరో కుటుంబం ఆయనను కొన్నది. స్వేచ్ఛ చూడకుండానే వృద్ధాప్యంలో కన్నుమూశారు.

1831లో ఆయన తన జీవితకథ రాశారు. కొద్ది పుటలే! అరబీ చాలావరకు మరచిపోయానని అందులో వినయంగా మన్నింపు కోరారు. అయినా ఆ రచన సూరా అల్-ముల్క్‌తో మొదలవుతుంది. సకల ఆధిపత్యం అల్లాహ్‌దేనని చాటే సూరా అది. ఒక మనిషి సొత్తుగా పరిగణించబడుతున్నవాడు తన కథకు ఆ సూరానే ముంగిలిగా ఎంచుకున్నాడు. ఆ పైన తన ముగ్గురు ఉస్తాదుల పేర్లు రాశారు. వారిలో ఒకరు సొంత సోదరుడే. ఆయన బాప్తిస్మం పొందినట్లు చర్చి పత్రాలలో నమోదై ఉంది. హృదయంలో ఏముందో అల్లాహ్‌కే ఎరుక. మన తీర్పు అక్కడ అనవసరం.

ఆ రాతప్రతి 1836లో న్యూయార్క్‌లో ఉన్న లామీన్ కెబే అనే మరో ఆఫ్రికన్‌కు చేరింది. ఆయనా ఒకప్పటి బానిసే, ఆయనా స్వదేశంలో పిల్లలకు చదువు చెప్పినవారే. ఒక ఉస్తాదు గాథకు తొలి పాఠకులలో మరో ఉస్తాదు ఉండడం ఎంత సముచితం! అనేక చేతులు మారిన ఆ ప్రతిని 2017లో అమెరికా జాతీయ గ్రంథాలయమైన లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ సేకరించింది. నేడు ఫెయెట్‌విల్‌లో ఒక మస్జిద్ ఆయన పేరు ధరించి ఉంది. ఆయన అమ్ముడైన చార్లెస్టన్‌లోనే 2022లో ఆయన జీవితం సంగీతనాటకంగా ప్రదర్శింపబడింది. మరుసటి ఏడాది దానికి పులిట్జర్ బహుమతి లభించింది. అమ్మిన ఊరే కూర్చుని ఆయన కథ విన్నది.

పాఠకులారా! ఆఫ్రికా సంతతి మనకు దూరమైనది కాదు. హైదరాబాద్‌లోని ఏసీ గార్డ్స్‌కు ఆ పేరు నిజాం కాలపు ఆఫ్రికన్ అశ్వికదళం వల్లనే వచ్చింది. ఆ సైనికుల వంశీకులు నేటికీ మన నగరంలో ఉన్నారు. వారి మర్ఫా వాద్యం పెళ్లి ఊరేగింపులలో విన్నాము. వారి తాతలు ఏ తీరం నుండి వచ్చారో, ఏ మాట వెంట తెచ్చుకున్నారో ఎందరం అడిగి తెలుసుకున్నాము? చెప్పగల పెద్దలు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు.

ఉమర్ రాసినవి కొద్ది పుటలే. అవే లేకపోతే ఆయన కూడా ఒక లెక్కల పుస్తకంలో వెలగా మిగిలేవారు. కనుక మీ పిల్లల చేతికి ఒక నోటుపుస్తకం ఇవ్వండి. ఇరుగుపొరుగు పెద్దల వద్ద, మీ ఇంటి నానీ, దాదాల వద్ద కూర్చోబెట్టండి. మొదటి ప్రశ్న ఇదే కానివ్వండి: మీకు అక్షరం నేర్పినవారి పేరేమిటి?